గడప దాటిన నీళ్ళు

మా ఎదురింటి మిషన్ పిన్ని పోయింది. మొన్న పొద్దున్నే మా కొట్టు షట్టరు ఎత్తి బకెట్ల దొంతర బయట పెట్టుకుంటున్నాను. పిన్ని కోడలు రోడ్డు దాటి వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో టీ గ్లాసు ఉంది. అది అత్తగారి కోసం కలిపిన టీ అని తర్వాత అర్థమైంది.

"అన్నా, అత్తమ్మ లేవట్లా" అంది.

వెళ్ళి చూశాను. నిద్రలోనే పోయినట్టుంది. ఒక చెయ్యి దిండు కింద ఉంది, ఇంకో చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది. ఆ చేతి చూపుడు వేలికి సూది పోట్ల గరుకు అలాగే ఉంది.

ఆమె ఎవరో మా వీధిలో చెప్పక్కర్లేదు. మిగతా నరసరావుపేటకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కుట్టుమిషన్ మీద బతికిన మనిషి. మూడు తరాల ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టింది. నాకు సొంత పిన్ని కాదు. నేను ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకునే ముస్లింని. ఆమె నన్ను "సాయిబూ" అని పిలిచేది, నేను ఆమెను "పిన్నీ" అనేవాణ్ణి. మా కొట్టుకీ వాళ్ళ గుమ్మానికీ మధ్య ఒక్క రోడ్డు. ఆ గుమ్మంలోంచి చూస్తే మిషను కనపడుతుంది. మిషను పక్కనే, గోడ వారగా, ఒక గాజుతొట్టి. అందులో చేపలు. మామూలు చేపలు కావు, ఎండు మిరపకాయ తొడిమంత చేపలు. ఎర్రగా, సన్నగా ఉంటాయి. అమ్మేవాళ్ళు ఏదో ఇంగ్లీషు పేరు చెబుతారు. పిన్ని మాత్రం మిరప చేపలనేది.

ఎండ ముదరక ముందే గురజాల వైపు పల్లె నుంచి పిన్ని వాళ్ళ అక్క దిగింది. పెద్దావిడ. చెల్లెలి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది, తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి జరగాల్సిన పనులు చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచరు. శవం లేవగానే బిందెలు, కడవలు, బకెట్లు అన్నీ పారబోసి ఇల్లు కడుగుతారు.

"బిందె నీళ్ళు, బాత్రూం తొట్టి, ఏదీ మిగలగూడదే" అంటూ కోడలికి ఒక్కొక్కటీ చూపించుకుంటూ వచ్చింది. చూపు గాజుతొట్టి దగ్గర ఆగింది. "అదేంది? అయ్యీ నీళ్ళేగా."

"అందులో చేపలున్నయ్యి పెద్దత్తా."

"యాడ? నాకేం కనపడట్లా."

"చానా చిన్నయ్యి."

"కనపడని చేపల కోసం ఇంట్లో మైల నీళ్ళు పెట్టుకుంటారా ఏందే?"

పిన్ని కొడుకు లారీ తోలతాడు. ఆ రాత్రంతా బండి నడిపి వచ్చి అప్పుడే దిగాడు. "పెద్దమ్మా, అదొక్కటీ ఒదిలెయ్" అన్నాడు.

"నీ అమ్మ కన్నా నీకు చేపలెక్కువా?"

వాడు తల దించుకున్నాడు. కోడలు నావైపు చూసింది. నేను పరాయివాణ్ణి, పైగా వేరే మతం వాణ్ణి. వాళ్ళ ఇంటి చావులో నోరు తెరిచే హక్కు నాకెక్కడిది? బయటికొచ్చి షామియానా తాడు పట్టుకుని నిలబడ్డాను. శవాన్ని మధ్యాహ్నం లోపు తీసుకెళ్ళాలి, మే నెల ఎండ. అంటే ఆ చేపలకి కూడా మధ్యాహ్నం దాకానే.

పారబోస్తే ఏం పోయిందని మీరు అనుకోవచ్చు. ఆ నీళ్ళ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతాను.

పిన్నికి రెండు కళ్ళలో శుక్లాలు వచ్చి సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైపోయింది. కొడుకు గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాడు. ఆ ఆసుపత్రి హాల్లో ఒక గాజుతొట్టి ఉండేదట. ఆపరేషన్‌కి ముందు రోజు దాని ముందే కూర్చుంది. తిరిగొచ్చాక నాకు చెప్పింది: "నీళ్ళల్లో ఎవురో ఎర్ర దారప్పోగులు కత్తిరించి ఏశారనుకున్నా సాయిబూ. ఎందుకేశారా అనుకున్నా. కట్టు ఇప్పినాక మళ్ళీ చూస్తే ఆ పోగులకి కళ్ళున్నయ్యి. నన్నే చూస్తన్నయ్యి."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడింది. కొత్త చూపుతో ఆమె చూసిన మొదటి ప్రాణం అది. కొడుకు ముఖం తర్వాత చూసిందట. వాడు ఈ సంగతి చెప్పుకుని ఎప్పుడూ దెప్పేవాడు.

తొట్టి కొనిపించుకుంది. ఇంటికి తెచ్చి నీళ్ళు పోసి, అడుగున ఇసుక వేసి, నాచు పెట్టి, లైటు వేసి, ఊరుకుంది. చేపలు లేవు. వారాల తరబడి ఖాళీ నీళ్ళ ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకుంది. వీధంతా నవ్వింది. నేనూ అడిగాను, "ఏంది పిన్నీ, నీళ్ళకి కాపలానా?" అని.

"నీళ్ళు పండాలిరా" అంది. "పచ్చి నీళ్ళల్లో ఏసినావంటే చచ్చిపోతయ్. కంటికి కనపడని పురుగు ముందు కాపురం పెట్టాలంట. అయ్యి ఈటి మురికి తింటయ్, ఇయ్యి హాయిగా బతుకుతయ్."

"ఇప్పుడు కాపురం పెట్టినయ్యా లేదా ఎట్టా తెలుసుద్ది?"

"కొత్త ఇంటి వాసన పోయిద్దిగా. అట్టా."

నిజంగానే వంగి వాసన చూసేది. ఒక రోజు నన్నూ చూడమంది. మొదట్లో కొళాయి వాసన వచ్చిన నీళ్ళే ఆ రోజు తొలకరి పడిన మట్టి వాసన వేశాయి. నేను రోజూ నీళ్ళ బకెట్లు, నీళ్ళ డ్రమ్ములు అమ్ముకునేవాణ్ణి. నీళ్ళకి వయసుంటుందని ఆ రోజే తెలిసింది.

ఇంకో చిక్కుంది. మన పల్నాటి నీళ్ళల్లో సున్నం ఎక్కువ. కొత్త గిన్నె నాలుగు రోజుల్లో తెల్లగా పొర కట్టేస్తుంది కదా. ఈ మిరప చేపలు ఎక్కడో అడవి మడుగుల్లోవి, రాలిన ఆకుల మధ్య బతికేవి. వాటికి మెత్తటి నీళ్ళు కావాలి. అమ్మినవాడే చెప్పాడట, మీ ఊళ్ళో ఇవి బతకవమ్మా, వేరేవి తీసుకోండి అని. పిన్ని వినలేదు. నా దగ్గర మూత డ్రమ్ములు కొని డాబా మీద పెట్టించింది. వానాకాలమంతా పైకప్పు నీళ్ళు గుడ్డతో వడగట్టి పట్టేది. మొదటి వాన పట్టేది కాదు. "కప్పు మీద దుమ్ము కడుక్కోనీ, దాని స్నానం అయినాక మనకిచ్చిద్ది" అనేది. బాదం ఆకులు ఏరుకొచ్చి, కడిగి, ఎండబెట్టి తొట్టిలో వేసేది. దాంతో నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగాయి. చూసినవాళ్ళు మురికనుకునేవాళ్ళు. ఆ రంగులో చేపల ఎరుపు నిప్పురవ్వల్లా వెలిగేది.

అంత చేశాక ఒకసారి మొత్తం పాడయ్యేదే. కొడుకు అమ్మ మీద ప్రేమతో, లోడు దించిన చోటి నుంచి పాలిష్ పట్టిన రాతి ముక్కలు తెచ్చి తొట్టిలో కోటలాగా పేర్చాడు. మాచర్ల రాయి, మన ఇళ్ళన్నిటికీ గచ్చు వేసేదే. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొన్నాళ్ళకి చేపల రంగు దిగిపోయింది. కొన్ని కనపడటం మానేశాయి. కారణం ఎవరికీ తోచలేదు. పిన్ని ఆ రాయి ఒకటి తీసి, తుడిచి, దాని మీద నిమ్మకాయ పిండింది. రాయి మీద సన్నగా నురగ లేచింది. అందరం వంగి చూశాం.

"రాయి కరుగుతంది చూడు" అంది. "మన కాళ్ళ కింద ఇంత గట్టిగా ఉందే, నీళ్ళల్లో ఏస్తే పంచదారలాగా కరుగుతంది. కాకపోతే నిదానంగా. ఆ సున్నమే నీళ్ళల్లో కలుస్తంది."

కొడుకు ముఖం మాడిపోయింది. "నేనే చంపానంటావా అమ్మా?"

"నువ్వెందుకు చంపుతావురా. మనకి అచ్చొచ్చిన రాయి దానికి అచ్చి రాలా, అంతే. నీకు పెళ్ళి సంబంధాలు ఎన్ని అచ్చి రాలేదు? చచ్చిపోయావా?"

కోడలు వంటింట్లోంచి, "అచ్చొచ్చిన దాన్ని నేనున్నా ఇక్కడ" అంది. ఆ అత్తాకోడళ్ళ మాటలు అలా ఉండేవి. నీళ్ళు మార్చేటప్పుడు ఒక్కొక్క చెంబే తీసి ఒక్కొక్క చెంబే పోసేది పిన్ని. ఎందుకింత నిదానమంటే, "కొత్త నీళ్ళంటే కొత్త కోడలు. ఇల్లంతా ఒక్కసారే అప్పజెప్తే ఇద్దరూ చస్తారు" అనేది. "నాకింకా అప్పజెప్పలా అన్నా, చెంబులతోనే ఇస్తంది" అని కోడలు నాకు ఫిర్యాదు.

తొట్టిలో నీళ్ళు తిప్పే మోటారు ఆ చేపల్ని లాగేసుకుంటుందని దానికి మల్లు గుడ్డతో ఒక తొడుగు కుట్టింది. ఎంత శ్రద్ధగా కుట్టిందంటే అంచు మడిచి పైకుట్టు కూడా వేసింది. "అన్ని కొలతల జాకెట్లూ కుట్టాను సాయిబూ, మోటారుకి కుట్టటం ఇదే." మిషను తొక్కితే అదురుకి చేపలు బెదిరి రంగు పోగొట్టుకుంటున్నాయని తొట్టి కింద పాత హవాయి చెప్పులు పరిచింది. ఎండాకాలం తడిగుడ్డ అద్దాలకి చుట్టి ఫ్యాను అటు తిప్పేది. "నాకు చెమటలు కారుతుంటే అమ్మకి కనపడదు, చేపలకి చెమట పట్టిద్దేమో అని భయం" అనేవాడు కొడుకు.

వాటి మేత కూడా పొడే. వేళ్ళ మధ్య ఇంకా నలిపి వేసేది. అంత నలిపినా పెద్దదైతే ఒక చేప నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. ఆ ఉమ్మేసిన రేణువుని ఇంకోటి పట్టుకుని పరిగెత్తేది. దాని వెనక మిగతావన్నీ. దాన్ని చూస్తూ కూర్చుని ఎన్ని బేరాలు పోగొట్టుకున్నానో నాకే తెలియదు. ఎవరో వచ్చి కొట్టు ముందు నుంచి "బకెట్ ఇయ్యవా ఏంది" అని అరిచేవాళ్ళు.

ఒక రోజు పని మానుకుని రమ్మని కబురు పెట్టింది. వెళితే తన పాత దగ్గరచూపు కళ్ళజోడు నా చేతికిచ్చింది. ఆపరేషన్ అయ్యాక అది ఆమెకి పనికిరాకుండా పోయింది, పారేయలేదు. "దీన్ని అద్దానికి ఆనించి ఆ నాచు కాడ చూడు" అంది. చాలాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత రెండు నల్ల చుక్కలు కదిలాయి. ఆ చుక్కల వెనక ఒక గాజు పోగు, కనురెప్ప వెంట్రుకలో సగం ఉండదు. అది ఆగింది, చూసింది, దేన్నో కొరికింది, నా నీడ పడగానే ఆకు కిందికి పోయింది.

"పుట్టి రెండు రోజులు కాలా" అంది పిన్ని. "అమ్మ పాలియ్యలా, నాన్న చెప్పలా. దానికి ఆకలి తెలుసు. భయం తెలుసు. ఇంతింత దాంట్లో అయ్యన్నీ యాడ పెట్టాడు సాయిబూ?"

నాకు నమాజులో కూడా ఎప్పుడో గానీ అంత నిశ్శబ్దం రాదు. సున్నపు ఊళ్ళో బతకవన్న చేపలు, పట్టి దాచిన వాన నీళ్ళల్లో పిల్లల్ని పెట్టాయి. ఆమె గొప్ప చెప్పుకోలేదు. "నేనేం చేశా, నీళ్ళకి అడ్డం రాకుండా ఉన్నా" అంది.

పెద్దావిడ పారబోయమన్న నీళ్ళు ఇవి. ఎండాకాలం, డాబా మీద డ్రమ్ములు అడుగంటాయి. మళ్ళీ వాన పడేదాకా ఆ నీళ్ళు ఎక్కడా పుట్టవు.

పాడె కట్టడం అయిపోతుంటే ఆగలేక లోపలికి వెళ్ళాను. పెద్దావిడ తొట్టి పక్కనే చతికిలబడి ఉంది.

"పెద్దమ్మా, ఒక్క మాట. నేను చెప్పగూడదు గానీ."

"చెప్పు నాయనా."

"ఆ నీళ్ళు పోతే అయ్యన్నీ సాయంత్రానికి పోతయ్. మీ చెల్లెలు వాటినే చూసుకుని బతికింది."

"నాకు తెలవదా?" అంది. ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి. "ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ చేపల సోదే. నాకు దాని మీద కోపం కాదయ్యా. పొయ్యే పాణం నీళ్ళ కాడ ఆగిద్దంటారు. ఇంత ఇష్టంగా పెట్టుకున్న నీళ్ళాయె. నా చెల్లెలు ఇక్కడే ఆగిపోతే? ఎటూ పోకుండా ఈ గాజుపెట్టె కాడ ఆగిపోతే?"

అప్పుడు తెలిసింది ఆమెది మొండితనం కాదని. చెల్లెలికి ఆమె చెయ్యగలిగింది ఇంకేమీ మిగల్లేదు. దారి అడ్డం లేకుండా చెయ్యడమొక్కటే.

నేను వ్యాపారం చేసేవాణ్ణి, మాటల్లో సందు ఎక్కడుందో వెతకడం అలవాటు.

"నీళ్ళు ఇంట్లో ఉండగూడదు, అంతేనా పెద్దమ్మా?"

"గడప దాటాలి."

"దాటితే చాలా? పారబోయాల్సిందేనా?"

ఆమె నావైపు తేరిపార చూసింది. "గడప దాటిన నీళ్ళతో నాకేంది పని? కాలవలో పోస్తావో, నీ నెత్తిన పోసుకుంటావో, నీ ఇష్టం."

లేచి నిలబడ్డాను. గుమ్మంలో కొడుకు నిప్పుకుండ పట్టుకుని ఉన్నాడు. విన్నాడు. ఒక్కసారి తల ఊపి వెళ్ళిపోయాడు.

పాడె లేచింది. మా వీధి మగవాళ్ళందరూ వెనక నడిచారు. నేను నడవలేదు. పిన్నిని చివరిదాకా సాగనంపాలని పొద్దున్నుంచీ అనుకుంటున్నవాణ్ణి, డప్పు చప్పుడు సందు మలుపు తిరుగుతుంటే కొట్లోకి పరిగెత్తి కొత్త బకెట్లు దించాను. తొట్టి నిండుగా ఉంటే ఎత్తలేం, అద్దం పగులుతుంది. బకెట్లతోనే మొయ్యాలి. మా ఆవిడ కొంగు దోపుకుని వచ్చింది. కొట్లో ఉన్నవాటిలో పెద్ద నీలం టబ్బు కౌంటరు పక్కన, నీడలో పెట్టాం.

చేపలు పట్టడానికి నేను టీ వడపోసే జాలీ తీస్తే కోడలు ఆపింది. "జాలీలో పెడితే గీసుకుపోతయ్యన్నా. గ్లాసు ముంచి పట్టు, నీళ్ళతో సహా అయ్యే వస్తయ్. అత్తమ్మ అట్టనే పట్టేది." ఏడుస్తూనే పక్కన నిలబడి ఏ మూల ఎన్ని దాక్కుంటాయో చూపించింది. ముందు నీళ్ళు, తర్వాత చేపలు, తర్వాత నాచు, ఆకులు, చివరికి ఇసుక. ఇసుక కడగొద్దంది. ఆ పురుగు కాపురమంతా దాంట్లోనే ఉందట.

పెద్దావిడ వచ్చి గడప పక్కన కూర్చుంది. ఒక్కొక్క బకెట్టూ దాటడం కళ్ళతో చూసుకోవాలి కదా. మొదటి బకెట్ దాటింది, చూసింది. రెండోది దాటింది. మూడోది మా ఆవిడ చేతిలో కొంచెం తొణికింది.

"ఒలకనీకమ్మా" అంది పెద్దావిడ. పారబోయమన్న మనిషే. "నిదానంగా పో. అందులో పాణాలున్నయ్యంట."

రోడ్డు మీద అంతకు ముందే శవం వెనక చల్లిన బంతిపూలు, పేలాలు వరసగా పడి ఉన్నాయి. ఆ వరసకి అడ్డంగా మా బకెట్లు కార్చిన తడిగీత ఒకటి పడింది. ఎండకి వెంటనే ఆరిపోయేది. మళ్ళీ బకెట్టుతో దాటితే మళ్ళీ పడేది. బండ్లవాళ్ళు ఆగి ఏంటని అడగకుండానే దారిచ్చారు.

అంతా అయ్యాక టబ్బు మీద వంగి చూశాను. చేపల రంగు మొత్తం పోయింది, నీళ్ళల్లో నీళ్ళయిపోయాయి. భయపడితే అంతే. ఆకుల కింద చేరి కదలకుండా ఉన్నాయి. టబ్బుకి తడిగుడ్డ చుట్టి, టేబుల్ ఫ్యాను పెట్టి, కొట్టు సగం షట్టరు దించి కూర్చున్నాం. నేను మనసులో దువా చదువుకున్నాను. మనిషి కోసమా, చేప కోసమా అంటే చెప్పలేను, రెంటికీ కలిపే.

సాయంత్రానికి ఆకు అంచు నుంచి ఒక ఎర్రటి గీత బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. తర్వాత ఇంకొన్ని. ఒక్కొక్కదానికీ తోక నుంచి తల దాకా రంగు ఎక్కడం కళ్ళారా చూశాం. కొత్త చోటు, కొత్త గోడలు, పైన గాజు బదులు మా కొట్టు రేకులు. వాటికి మాత్రం నీళ్ళు పాతవే. నీళ్ళు పాతవైతే చాలు, ఇల్లు మారినట్టు కూడా వాటికి తెలియలేదు.

అప్పుడే శ్మశానానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. కొడుకు మాత్రం తలారా స్నానం చేసి, తడి పంచెతో, మా కొట్టు ముందు రోడ్డు మీద ఆగాడు. మెట్టు ఎక్కలేదు.

"రారా లోపలికి" అన్నాను.

"అంటు ఉందన్నా. రాకూడదు."

"మాకేం పట్టింపు లేదురా. వచ్చి చూసుకో."

"నాకుంది" అన్నాడు. మెడ చాచి, "ఉన్నయ్యా?" అని అడిగాడు.

"ఉన్నయ్యి. ఎర్రగా ఉన్నయ్యి."

నేను షట్టరు మొత్తం పైకెత్తి, అడ్డంగా ఉన్న మగ్గుల గుత్తి, కుర్చీలు జరిపాను. రోడ్డు మీంచి చూస్తే కౌంటరు పక్కన నీలం టబ్బు, దానికి చుట్టిన తడిగుడ్డ కనపడతాయి. లోపల తొడిమంత చేపలు కనపడవు. అంత దూరానికి కనపడవని వాడికీ తెలుసు. అయినా వాడు అక్కడే నిలబడి చూస్తున్నాడు. పంచె అంచు నుంచి కారే నీళ్ళు ఆగిపోయాయి, గుడ్డ ఆరి గాలికి కదలడం మొదలుపెట్టింది, వాడింకా టబ్బు వైపే చూస్తున్నాడు.